ఎడమ కాలికి పని లేని కారు



ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఈ నెల రెండింటిని కలిపి తీసుకొంటున్నాను. రెండూ మా కొత్తచెరువు మండలం నుండి వచ్చినవే. రెండూ ఒకే రకం కారును గురించి అడిగినవే. అయితే నేను చెప్పబోయే జవాబులు మాత్రం ఒకటి కావు.

మొదటి ఉత్తరం ఒక కోడలు వ్రాసింది. "అన్నా, మా అత్తకు రెండు మూత్రపిండాలూ చెడిపోయినాయి. వారానికి రెండుసార్లు అనంతపురం పోయి డయాలిసిస్ చేయించుకొని రావాల. పోయేటప్పుడు బాగానే ఉంటాది గానీ తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చోలేదు. మా ఇంటాయనకు ఫ్యాక్టరీలో షిఫ్టు పని, అన్నిసార్లు సెలవు ఇయ్యరు. రెండెకరాలు అమ్మి గేర్లు లేని పెద్ద డీజిల్ కారు కొందాము, కోడలే నేర్చుకొని నడుపుతాది అని మామ అంటున్నాడు. నాకు సైకిలు తప్ప ఏదీ రాదు. మీ ఇంట్లో అటువంటి కారు ఉందని విని అడుగుతున్నాను."

రెండవది పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయులవారిది. ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్చి తొక్కలేకపోతున్నారు. బజారుకు, ఆదివారం ఆరాధనకు, అప్పుడప్పుడు పుట్టపర్తిలో ఉన్న కుమార్తె ఇంటికి పోవడానికి ఆటోమేటిక్ కారు కావాలి. "డీజిల్ చవక గదా, డీజిలే తీసుకొంటే మేలు కదా?" అని వారి ప్రశ్న.

మా ఇంట్లో అటువంటి కారు ఉన్న మాట నిజమే, నాలుగేండ్లు కావస్తోంది. అది ఏ కంపెనీదో చెప్పను. ఇది ప్రకటనల పేజీ కాదు. దానితో కాపురం ఎలా ఉంటుందో చెప్తాను.

ముందుగా ఒక మాట సరిచేయాలి. మన ఊళ్ళలో దీన్ని "గేర్లు లేని కారు" అంటారు. గేర్లు ఉన్నాయి, చాలావాటిలో ఆరు ఉంటాయి. వాటిని మార్చే పని మనది కాదు, అంతే. క్లచ్చి పలకకు బదులు ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య నూనె నిండిన ఒక డబ్బా ఉంటుంది. దానిని టార్క్ కన్వర్టరు అంటారు. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇస్తే, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది కదా. ఇక్కడ గాలికి బదులు నూనె. ఇంజను ఒక వైపు నూనెను తిప్పుతుంది, ఆ నూనె రెండవ వైపును తిప్పుతుంది, అక్కడినుండి చక్రాలకు బలం పోతుంది.

ఇది తెలిసినవారికి ఇంకొక సంగతి తానుగా అర్థమవుతుంది. ఇంజను తిరుగుతూ మీట డి మీద ఉంటే, బ్రేకు మీది నుండి కాలు తీయగానే కారు మెల్లగా ముందుకు జరుగుతుంది. యాక్సిలేటరు తొక్కనక్కరలేదు. కోళ్ళు, మేకలు, పిల్లలు ఆడుకొనే వీధులు మనవి. అందువల్ల మా ఇంట్లో నియమం ఏమనగా, కారు ఆగితే మీట పి మీదికి రావాలి, హ్యాండు బ్రేకు పడాలి, ఆ తర్వాతే ఎవరైనా తలుపు తీయాలి. ఇంటివద్ద "రెండు నిమిషాలే" అని డి మీద ఉంచి కాలితో బ్రేకు పట్టుకొని మాట్లాడటం నాకు నచ్చదు. ఎవరో పిలిస్తే తల తిప్పుతాము, కాలు వదులవుతుంది.

రెండు పెడళ్ళే ఉంటాయి. రెండింటికీ కుడికాలే. ఇక్కడ ఒక విచిత్రం చూశాను. ఇరవై ఏండ్లు ట్రాక్టరు, జీపు నడిపినవారే ఈ కారుతో మొదట తడబడతారు. వారి ఎడమ కాలు క్లచ్చి కోసం వెతికి బ్రేకును గట్టిగా తొక్కేస్తుంది. వెనుక కూర్చున్నవారి ముక్కులు ముందు సీటుకు తగులుతాయి. ఎడమ కాలిని సీటు కిందికి మడిచి పెట్టుకోమని వారికి చెప్పాలి. ఏమీ రానివారికి ఈ బాధ లేదు. కనుక సహోదరీ, మీకు సైకిలు తప్ప రాదని దిగులు పడవద్దు. మీ ఆయన కంటే మీరే ముందు నేర్చుకొంటారు. నా భార్య నలభై ఆరేండ్ల వయస్సులో నేర్చుకొంది. మొదటి పది రోజులు ఊరి బయట ఖాళీ నేలలో, తర్వాత తెల్లవారుజామున బుక్కపట్నం రోడ్డు మీద. చెరువు కట్ట దగ్గర ఎదురుగా లారీ వచ్చినప్పుడు గేరు గురించి ఆలోచించే పని లేకపోవడం వల్ల, రోడ్డు మీదే మనసు పెట్టగలిగానని ఆమె చెప్తుంది.

ఇక కుటుంబ కారు అనే మాట. పైకప్పు వెనుకదాకా సమంగా సాగి, డిక్కీ గదిలాగా ఉండి, వెనుక తలుపు పైకి లేచే కారును ఇంగ్లండులో ఎస్టేటు కారు అంటారు. అమెరికావారు స్టేషన్ వాగన్ అన్నారు, రైలు స్టేషనుకు పోయి చుట్టాలను వారి పెట్టెలతో సహా ఇంటికి తెచ్చే బండి గనుక. మన దేశంలో 1992లో టాటావారు ఎస్టేట్ అనే పేరుతోనే ఒక డీజిల్ కారు తెచ్చారు. ఆ తర్వాత మారుతి బలేనో ఆల్టూరా, 2004లో ఇండిగో మెరీనా వచ్చాయి. ఏదీ నిలువలేదు. మనవారి లెక్క వేరు. అంత పొడుగు బండి కొంటే వెనుక మూటలకు మాత్రమే చోటెందుకు, ఇంకో వరుస సీట్లు వేస్తే అత్త, పెద్దమ్మ, పక్కింటివారు కూడా వస్తారు కదా అన్నది మన ఆలోచన. అందుకే 1994లో వచ్చిన సుమో, 2000లో వచ్చిన క్వాలిస్, 2005లో వచ్చిన ఇన్నోవా పల్లెలదాకా చేరాయి. మూడో వరుసను మడిచివేస్తే అవే ఎస్టేటు కార్లు.

డీజిలూ ఆటోమేటిక్కూ రెండూ కలిసిన కుటుంబ కార్లు ఇప్పుడు మన ఇంటి పక్కనే తయారవుతున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో అక్కడినుండి సెల్టోస్ వచ్చింది, 2020 ఫిబ్రవరిలో కార్నివాల్, 2022 ఫిబ్రవరిలో మూడు వరుసల కారెన్స్ వచ్చాయి. కారెన్స్‌లో ఒకటిన్నర లీటరు డీజిల్ ఇంజనుకు ఆరు గేర్ల ఆటోమేటిక్ కూడా వచ్చింది. హ్యుందాయ్, మహీంద్రా, టాటావారు కూడా ఇటువంటివి చేస్తున్నారు. పక్క ఊరిలో తయారైంది గదా అని అదే కొనాలని లేదు, మానుకోవాలనీ లేదు.

ఏడు సీట్లని విని మోసపోవద్దు. మూడు వరుసలూ నిలబెట్టినప్పుడు ఇటువంటి కార్ల డిక్కీలో మిగిలే చోటు చాలా తక్కువ. కారెన్స్‌లో అది 216 లీటర్లు. ఏడుగురు ఎక్కితే వారి సంచులు ఒడిలోనే. అందరూ ఎక్కి పెండ్లికి పోవడం ఏడాదికి నాలుగుసార్లు ఉంటుందేమో. మిగతా రోజులు మేము మూడో వరుసను మడిచే ఉంచుతాము. బియ్యం మూట, వేరుశనగ విత్తనాల మూట, అయ్యగారి ఇంటికి పోవలసిన కుర్చీలు అన్నీ పడతాయి. ఏడుగురు అంటే ఏడుగురే. ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత "అన్నా, పిల్లోళ్ళే కదా" అని ఇంకో నలుగురు తలుపు దగ్గర నిలబడతారు. వారిని కాదనడం కష్టమే గాని నేను రెండు ట్రిప్పులు వేస్తాను. బెల్టు లేని సీటులో మనిషిని కూర్చోబెట్టను. ముందు సీటులో బిడ్డను ఒడిలో పెట్టుకోనివ్వను. ఆ సీటు ముందున్న గాలిసంచి పెద్దవారిని కాపాడే వేగంతోనే పసిబిడ్డను కొడుతుంది.

రోగి విషయంలో ఈ కారు వల్ల నిజమైన మేలు ఉంది. గేరు మారినప్పుడల్లా వచ్చే కుదుపు ఉండదు. డయాలిసిస్ అయిన తర్వాత రక్తపోటు తగ్గి కండ్లు తిరుగుతాయి. రెండవ వరుస సీటు కొంచెం వెనుకకు వాల్చి, బెల్టు పెట్టి కూర్చోబెడితే అలసట తక్కువ. పూర్తిగా పండుకోబెట్టి తీసుకొని పోవద్దు, బ్రేకు వేస్తే మనిషి కిందపడిపోతుంది. ఫిస్టులా ఉన్న చేయి తలుపుకు ఆనకుండా, బెల్టు దానిమీద నొక్కకుండా చూచి ఏ పక్క కూర్చోబెట్టాలో నిర్ణయించండి.

ఇప్పుడు డీజిల్ సంగతికి వస్తాను. ఉపాధ్యాయులవారు శ్రద్ధగా చదవాలని నా మనవి.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో బీఎస్ 6 నియమాలు వచ్చాయి. అప్పటినుండి డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. లాంతరు చిమ్నీకి మసి పడితే మనం బూడిదతో తుడుస్తాము. ఈ జల్లెడను తుడవడానికి వీలులేదు, కాల్చాలి. మసి నిండినప్పుడు కారు తానే కొంచెం ఎక్కువ డీజిల్ పంపి, పొగగొట్టాన్ని సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని బూడిద చేస్తుంది. దానికి కారు వేడెక్కి, అరవై డెబ్బై కిలోమీటర్ల వేగంతో ఒక పావుగంట ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. ఇంటినుండి బజారుకు రెండు కిలోమీటర్లు పోయి ఆపి, మళ్ళీ రెండు కిలోమీటర్లు వచ్చి ఆపితే ఆ పని సగంలోనే ఆగిపోతుంది. అట్లా మాటిమాటికీ ఆగితే కాలని డీజిల్ ఇంజను ఆయిలులోనికి దిగుతుంది. ఆయిలు కొలిచే పుల్ల మీద మట్టం తగ్గితేనే గాదు, పెరిగినా అపాయమే. చివరకు దీపం వెలుగుతుంది, కారు బలం తగ్గించుకొంటుంది, షోరూము బిల్లు వేలల్లో వస్తుంది.

కాబట్టి అయ్యా, మీకు డీజిల్ వద్దు. మీ మోకాలికి కావలసింది ఆటోమేటిక్, డీజిల్ కాదు. చిన్న పెట్రోలు ఆటోమేటిక్ తీసుకోండి. డీజిల్ చవక అన్న మాట కూడా పాతది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసివేసిన తర్వాత ఆ వ్యత్యాసం చిక్కిపోయింది. లెక్కకు డీజిల్ లీటరు 97 రూపాయలు, పెట్రోలు 109 అనుకొందాము. డీజిల్ ఆటోమేటిక్ లీటరుకు 15 కిలోమీటర్లు, పెట్రోలుది 11 ఇస్తుందనుకొందాము. కాగితం మీద ఇంతకంటె ఎక్కువ ఉంటుంది, ఏసీ వేసుకొని మన రోడ్ల మీద పోతే ఇంతే. మీరు నెలకు 300 కిలోమీటర్లు తిరిగితే డీజిల్ వల్ల మిగిలేది సుమారు వెయ్యి రూపాయలు. కొనేటప్పుడు డీజిల్ కారుకు లక్ష ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి ఎనిమిదేండ్లు పడుతుంది.

ఆ సహోదరి లెక్క వేరు. అనంతపురానికి పోను రాను సుమారు 150 కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు. నెలకు దగ్గర దగ్గర 1,300 కిలోమీటర్లు. ఇది ధర్మవరం మీదుగా గంటకు పైగా సాగే ప్రయాణం గనుక జల్లెడ తానుగా శుభ్రమవుతుంది. ఆమె ఇంటికి డీజిల్ ఆటోమేటిక్ సరిగ్గా సరిపోయే కారు. అదే పెట్రోలుతో అయితే నెలకు నాలుగు వేలకు పైగా ఎక్కువ ఖర్చు.

కారు సరిపోతుంది. కాని రెండెకరాలు అమ్మడం సరిపోదు. మీ మామగారు నా మీద కోపపడకూడదు, లెక్క వ్రాసి చూపిస్తాను. పది లక్షలు అప్పు చేసి అయిదేండ్లలో తీర్చాలంటే, తొమ్మిదిన్నర వడ్డీకి నెలకు 21,000 రూపాయల కంతు. డీజిలుకు 8,400. ఇన్సూరెన్సు, సర్వీసు వేరు. అదే తెలిసిన మనిషి కారును బాడుగకు మాట్లాడుకొని కిలోమీటరుకు 12 రూపాయలు ఇచ్చినా నెలకు 15,600 అవుతుంది. అప్పు ఉండదు, నేల ఉంటుంది. "అప్పెందుకు, నేల అమ్మిన డబ్బుతోనే కొంటాము" అంటారేమో. కొన్న కారు ధర ఏటేటా దిగుతుంది. ఆ రెండెకరాలు మరల మీకు అదే ధరకు దొరకవు. ఎర్రమంచి, హైవే ఉన్న ఈ ప్రాంతంలో అసలే దొరకవు. ఇంకొకటి. మన నేలకు వాన ఒక కారుకే, అదీ పడిన ఏడాది. శెనక్కాయల డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, కంతు పన్నెండుసార్లు వస్తుంది. కనుక కంతు కట్టేది మీ ఆయన జీతంలోనుండి అయితేనే కారు మాట ఎత్తండి.

నా సలహా ఇది. ఆరు నెలలు బాడుగ కారు పెట్టుకోండి. ఆ ఆరు నెలల్లో మీరు లైసెన్సు తీసుకోండి. ఆ పిమ్మట పాత కారు చూడండి, కంతు పది పదకొండు వేలు దాటకుండా. తెల్లవారుజామున అత్తకు ఆయాసం వచ్చినప్పుడు బాడుగ కారువాడు ఫోను ఎత్తకపోవచ్చు, ఆ ఒక్క కారణానికి సొంత కారు విలువ నాకు తెలుసు. దాన్ని నేను లెక్కలో కొట్టివేయడం లేదు. కాని 108 నంబరు కూడా ఉంది, దానిని మరువకండి.

పాత డీజిల్ ఆటోమేటిక్ కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అందరూ అడుగుతారు. ఎక్కడ తిరిగిందని అడగండి. బెంగుళూరు ట్రాఫిక్‌లో ముప్పై వేలు తిరిగిన దానికంటె హైవే మీద ఎనభై వేలు తిరిగిన కారు మేలు. పొగగొట్టం చివర లోపల వేలు పెట్టి చూడండి. జల్లెడ బాగున్న కారులో వేలికి నల్లటి మసి అంటదు. నల్లగా అంటితే ఎవరో జల్లెడను కోసి తీసివేసి ఉండవచ్చు. కొందరు మెకానిక్కులు దీన్ని గొప్ప ఉపాయంగా చెప్తారు. అది చట్టవిరుద్ధం, ఆ కారు మీకొద్దు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, పి నుండి ఆర్‌కు, ఆర్ నుండి డికి మార్చి చూడండి. దబ్బున కొట్టినట్లయితే గేరుపెట్టెలో ఏదో ఉంది. ఆ పెట్టె బాగుచేయించడం పేదవాడి పని కాదు.

ఇంటికి వచ్చిన తర్వాత మూడు నాలుగు సంగతులు. ట్రాక్టరుకు తెచ్చిన ఆయిలు డబ్బా ఇంట్లో ఉంది గదా అని అది పోయవద్దు. జల్లెడ ఉన్న ఇంజనుకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలు వేరే ఉంటుంది, కారు పుస్తకంలో దాని గుర్తు వ్రాసి ఉంటుంది. క్యానులో నిలువ ఉంచిన డీజిల్ పోయవద్దు. కొన్ని కార్లలో డీజిలు మూతతో పాటు యూరియా నీళ్ళు పోయడానికి ఇంకో మూత ఉంటుంది. అది పొలానికి చల్లే యూరియా కాదు, నవ్వకండి, ఒకరు నన్ను అడిగారు. జూన్ నుండి మన గాలికి దుమ్ము ఎట్లా లేస్తుందో తెలుసు గనుక గాలి ఫిల్టరు పుస్తకంలో చెప్పిన దానికంటె ముందే మార్చండి. కంపముల్లు టైరులో దిగితే బయట గాలి నిలిచినట్లే కనబడుతుంది, తెల్లవారేసరికి కూర్చుంటుంది. అనంతపురం పోయే రోజు ముందటి సాయంత్రమే నాలుగు చక్రాలూ, స్టెప్నీ చూడండి.

దూరం నుండి వచ్చిన వెంటనే వేరుశనగ కట్టె వామి పక్కన కారు ఆపవద్దు. మసి కాలుతున్న సమయంలో ఆపితే పొగగొట్టం నిప్పులాగే ఉంటుంది, కింద ఎండు కట్టె ఉంటే అంటుకొంటుంది. పశువుల మేత అంతా పోతుంది. మా ఇంట్లో కారు నిలిపే చోట నాపరాళ్ళు పరిపించాము.

ఎప్పుడైనా వేలూరుకు పోవలసి వస్తే కదిరి, మదనపల్లె మీదుగా పోతారు కదా. పలమనేరు దాటిన తర్వాత మొగిలి ఘాటు దిగేటప్పుడు డి మీదే ఉంచి బ్రేకు తొక్కుతూ పోవద్దు. బ్రేకులు కాలి వాసన వస్తుంది, ఆ తర్వాత పట్టవు. మీటను పక్కకు నెట్టి రెండో గేరో మూడో గేరో పెట్టుకోండి. ఇంజనే కారును పట్టి ఉంచుతుంది. గేర్లు లేని కారు కాదని మొదటే చెప్పాను కదా, దిగువకు పోయేటప్పుడు వాటిని మనమే వాడుకోవాలి.

చివరగా, బ్యాటరీ దిగిపోయి కారు సెల్ఫ్ తీసుకోకపోతే మన ఊళ్ళో నలుగురు పరుగెత్తుకొని వచ్చి తోస్తారు. ఈ కారు తోస్తే స్టార్టు కాదు, ఎంతమంది తోసినా కాదు. ఇంకో బండి బ్యాటరీనుండి వైర్లు వేసి స్టార్టు చేయాలి. ఆ వైర్లు డిక్కీలో పెట్టుకోండి. దారిలో ఆగిపోతే ఎవరో ట్రాక్టరు తెచ్చి తాడు కట్టి ఊరిదాకా లాగుతామంటారు, మంచి మనసుతోనే. ఇంజను ఆగిన ఆటోమేటిక్ కారును చక్రాల మీద దూరం లాగితే గేరుపెట్టెలోని నూనె తిరగక లోపల అరిగిపోతుంది. ముందు చక్రాలతో నడిచే కారయితే ముందు భాగం పైకెత్తి, లేదా కారు మొత్తాన్ని లారీ మీద ఎక్కించి తీసుకొని రావాలి. ఆ లాగుడు బండి నంబరును మీ ఫోనులోనే గాక ఒక కాగితం మీద వ్రాసి ఇన్సూరెన్సు కాగితాలతో కలిపి కారులోనే పెట్టండి. అత్తతో దారిలో ఉన్నప్పుడు ఫోనులో చార్జింగు లేకపోవచ్చు.